మంచాల మీద మీటింగు

“మీ వదిన దీనయిందిరా!” అన్నాడు మా అన్నయ్య ఫోన్లో.

పొద్దున్నే నోట్లో బ్రష్షు పెట్టుకుని, పళ్ళు తోముకుంటూ ఫోన్లు చేయడం మా అన్నయ్యకున్న పాత జబ్బు. నాకు మాత్రం గుండె జారి చెప్పుల్లో పడింది. వదిన దీన అవడమేమిటి! నిన్న సాయంత్రం దాకా నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా నిక్షేపంగా ఉన్న మనిషి, ఊళ్ళో అందరికీ ధైర్యం చెప్పే మనిషి, తెల్లారేసరికి దీనురాలెలా అయింది? ఉద్యోగం ఊడిందా?

చొక్కా తిరగేసి తొడుక్కుని పరిగెత్తాను. గుమ్మం నిండా ఎవరెవరివో చెప్పులు. హాల్లో బల్ల మీద పూలగుత్తులు, పూలదండలు. ఇంతలో లోపలినుంచి వదినే బయటికొచ్చింది.

“ఏమయ్యా మరిదీ, చొక్కా తిరగబడింది, మొహం వేలాడబడింది, ఏమిటి కథ?”

“నువ్వేం బెంగపెట్టుకోకు వదినా. మేమంతా ఉన్నాం. నువ్వు దీనంగా ఉన్నా మేం హీనంగా చూడం” అన్నాను.

అప్పుడు మా అన్నయ్య నురగ ఊసి వచ్చి, స్పష్టంగా పలికాడు. “డీన్ రా బాబూ, డీన్! యూనివర్సిటీలో డీన్‌ని చేశారు!”

ఇల్లంతా గొల్లుమంది. వదిన మాత్రం ఒక పూలగుత్తి తీసి నా చేతిలో పెట్టి, “నువ్వు విన్నదే బాగుంది” అంది.

ఆ వదిన ఇప్పుడు డీన్ కూడా కాదు, వైస్ చాన్సలర్. అయితే నేనీరోజు కలం పట్టింది మా వదినను పొగడటానికి కాదు. మీటింగులను పొగడటానికి!

అవును పాఠకులారా, మీరు చదివింది నిజమే. ఆఫీసులో మీరంతా ఏ మీటింగు పేరు వింటే ఆవులిస్తారో, ఏ మీటింగు తప్పించుకోవడానికి లేని పంటినొప్పి తెచ్చుకుంటారో, ఆ మీటింగును నేను బాహాటంగా వెనకేసుకొస్తున్నాను. మీటింగు మానవజాతికి మహోపకారి! మీటింగే లేకపోతే పనిచేయాల్సి వచ్చేది కదా!

అసలు ఆ మాటల్లో ఎంత అర్థముందో మీరెప్పుడైనా ఆలోచించారా? కమిటీ అంటే ఏమిటి? ‘కమ్’ అని పిలిచి ‘టీ’ ఇచ్చేది. కన్వీనర్ అంటే? కన్నూ, వీనూ రెండూ ఉన్నవాడు. అంటే మిగతా సభ్యులకు ఆ రెండూ ఉండనక్కరలేదని! కోరం అంటే? “మేమేమీ కోరం” అనేవాళ్ళు సరిపడా వచ్చారని. గంటలకు గంటలు మాట్లాడి, చివరికి రాసుకున్నదాన్ని ‘మినిట్స్’ అనగలిగే వినయం ఇంకెక్కడైనా ఉందా?

ఇక మా వదిన సంగతి. ఆవిడ మొదట పెద్దాసుపత్రిలో వార్డు సిస్టర్. నాకు వదిన, లోకానికి సిస్టర్. లోకానికంతా సిస్టర్ కాబట్టి, లెక్కప్రకారం మా అన్నయ్య లోకానికంతా బావ! ఆ హోదాలో ఆయన బజారులో ఎంత వేళాకోళం భరించాడో ఆయనకే తెలుసు.

ఆవిడ చెయ్యి ఎలాంటిదంటే, సూది వేసి, దూది రాసి, పక్క మంచానికి వెళ్ళిపోయాక రోగి కళ్ళు గట్టిగా మూసుకుని “వెయ్యండి సిస్టర్, నేను రెడీ” అనేవాడు. నరం దొరకని ముసలమ్మలకు, ఏడ్చి గుక్కపట్టే పసివాళ్ళకు ఆవిడనే పిలిచేవారు. పెద్ద డాక్టర్లు కూడా తమకు జ్వరమొస్తే “ఆ సిస్టర్ డ్యూటీలో ఉందా?” అని అడిగి మరీ చేరేవారు.

మరి పని ఇంత బాగా వచ్చినవాళ్ళను ఏం చేయాలి? పనిలోంచి తీసేయాలి! అదే కదా గౌరవం! వెంటనే నర్సింగ్ కాలేజీలో టీచర్‌ను చేశారు. అక్కడ పాఠం బాగా చెప్పింది. పాఠంలోంచి కూడా తీసేసి ప్రిన్సిపాల్‌ని చేశారు.

అక్కడినుంచి వైస్ చాన్సలర్ దాకా ఎలా వెళ్ళింది? ఒక కొళాయి ఎక్కించింది పాఠకులారా, ఒక కారే కొళాయి!

కాలేజీ కింది అంతస్తులో ఒక ప్రాక్టీసు వార్డు ఉంది. ఎనిమిది మంచాలు, ఎనిమిది సెలైన్ స్టాండ్లు, ఒక మూల చేతులు కడుక్కునే తొట్టి. పిల్లలు ఆసుపత్రికి వెళ్ళేముందు, పక్క వెయ్యడం దగ్గర్నుంచి కట్టు కట్టడం దాకా అక్కడే నేర్చుకుంటారు. ఆ తొట్టి కొళాయి కారుతోందని వదిన యూనివర్సిటీకి ఫిర్యాదు చేసింది.

ఆ యూనివర్సిటీలో ఒక పద్ధతుంది. ఎవరు ఫిర్యాదు చేస్తే వాళ్ళనే ఆ ఫిర్యాదు మీద కమిటీకి కన్వీనర్‌ని చేస్తారు. అందుకే అక్కడ ఎవరూ దేని గురించీ ఫిర్యాదు చేయరు. పైకప్పు నెత్తిన పడ్డా “గాలి బాగా వస్తోంది” అంటారు. ఈ సంగతి మా వదినకు తెలియదు. కొళాయి కారుతోందనగానే ఆవిడ నీటి వనరుల కమిటీ కన్వీనర్!

లిఫ్టు ఆగిపోతోందంది. లిఫ్టు కమిటీ కన్వీనర్ అయింది. లిఫ్టు పైకి వెళ్ళలేదు గానీ ఆవిడ వెళ్ళింది. కుక్కలు క్లాసుల్లో పడుకుంటున్నాయంది. హాజరు కమిటీ! చివరికి విసిగిపోయి “ఈ యూనివర్సిటీలో కమిటీలు మరీ ఎక్కువయ్యాయి” అంది. అంతే, కమిటీల తగ్గింపు కమిటీకి ఆవిడే కన్వీనర్, కింద నాలుగు ఉపకమిటీలు!

ఇన్ని కమిటీలున్న మనిషిని డీన్ చేయకపోతే ఎలా? చేశారు. ఆ తర్వాత వైస్ చాన్సలర్ కుర్చీ చాలాకాలంగా ఖాళీగా ఉందనీ, ఫైళ్ళు కదలడం లేదనీ నోరుజారింది. నోరుజారిన చోటే మనిషి కూర్చుంది.

పదవి పెరిగినకొద్దీ పెదవి మీద నవ్వు తగ్గింది. కానీ పాత అలవాట్లు పోతాయా? మంచం పట్టిన రోగిని రెండేసి గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే ఒళ్ళు పుండ్లు పడుతుంది. నర్సులకు అది నరనరానా ఉంటుంది. కొత్తలో ఆవిడ రికార్డు రూములోకి వెళ్ళి, దుమ్ములో పడున్న ఫైళ్ళను చూసి “ఇవి ఎన్నాళ్ళనుంచి ఇలా ఒకే పక్కన పడుకున్నాయి? తిప్పండి!” అని కేకేసింది. గుమాస్తా వినయంగా ఒక్కో ఫైలునూ బోర్లా తిప్పి పెట్టాడు. తర్వాత మళ్ళీ వెల్లకిలా. ఆ సెక్షన్ చరిత్రలో ఫైళ్ళు కదలడం అదే మొదలు!

ఇంతకూ మీటింగు వల్ల కలిగిన మహోపకారం ఏమిటో చెప్పనేలేదు కదా? చెబుతాను.

ఆ యూనివర్సిటీకి కమిటీలు ఎక్కువై గదులు చాలలేదు. అప్పుడు రిజిస్ట్రార్‌గారి కన్ను ప్రాక్టీసు వార్డు మీద పడింది. ఈ రిజిస్ట్రార్‌ను సిబ్బంది చాటుగా ‘రుసరుస్ట్రార్’ అంటారు. నేను పెట్టిన పేరు కాదు, పెట్టనందుకు సిగ్గుపడుతున్నాను. ఆయన ఒక తీర్మానం తెచ్చాడు. వార్డులోంచి మంచాలు తీసేసి, ఏసీ పెట్టి, గుండ్రటి బల్ల వేసి, కమిటీ హాలు చెయ్యాలి. పిల్లలు బొమ్మలు చూసి నేర్చుకుంటే చాలు.

ఆ తీర్మానం మొదటి మెట్టు దాటినప్పుడు వైస్ చాన్సలర్‌గారు ఎక్కడున్నారు? ఇంకో మీటింగులో! ఇక మిగిలింది ఆఖరి ఓటింగు. దాన్ని తేల్చే కమిటీలో ఆవిడతో కలిపి ఎనిమిదిమంది. ఆవిడ ఓటు ఒకటి. మిగతా ఏడుగురిలో ఒకరు రిజిస్ట్రార్, ఆరుగురూ ఆయన ఏ పక్క తల ఊపితే ఆ పక్క ఊపుతారు. ఓటింగు అయిన మర్నాడే మంచాలు గోదాముకి.

“నువ్వు వైస్ చాన్సలర్‌వి కదా వదినా, కుదరదని ఒక్క మాట అనరాదూ?” అన్నాను ఆ వారం వాళ్ళ వంటింట్లో.

వదిన చేస్తున్న పని ఆపకుండా చెప్పింది. “వార్డు సిస్టర్‌గా ఉన్నప్పుడు ఒక్క కేకేస్తే వార్డంతా నిలబడేది. ఇప్పుడు నేనేమన్నా ‘మేడమ్ అభిప్రాయం నమోదు చేసుకున్నాం’ అంటారు. నమోదు చేసుకోవడమంటే పూడ్చిపెట్టడం.”

“పోనీలే. పిల్లలు ఎలాగో నేర్చుకుంటారు.”

“ఎలా నేర్చుకుంటారు? మొదటి సూది ఎవరికి పొడుస్తారు? నీకా?”

“నాకెందుకు!”

“మరి ఎవరికి? ఆసుపత్రిలో, అప్పుడే ఆపరేషనయి పడుకున్నవాడికా?” అని నా వైపు తిరిగింది. ఆ చూపుకు నా జేబులో ఉన్న జోకులన్నీ చెమటపట్టాయి. ఆవిడే మళ్ళీ, “ఆ వార్డులో ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష ఉంది. రోగులుగా పడుకోవడానికి పార్కులో నడిచే పెద్దమనుషులు ఏడుగురు ఒప్పుకున్నారు. ఇంకొకరు కావాలి. వస్తావా?” అంది.

“ఓ! నాకు ఏ వేషం? మతి చలించి పద్యాలు పాడే రోగినా?”

“పక్షవాతం. మాట పడిపోయింది.”

“నాకా! మాట పడిపోయిన వేషమా! వదినా, ఇది పగ!”

“పగ కాదు మరిదీ, సమాజసేవ. నువ్వు నోరు విప్పావంటే నిన్ను చూసుకునే పిల్లకు మార్కులు పోతాయి. గుర్తుంచుకో.”

అలా పరీక్షనాడు పొద్దున నేను చారల చొక్కా తొడుక్కుని, ఎనిమిదో మంచం మీద, మూతి ఒక పక్కకు వంచి పడుకున్నాను. మిగతా ఏడు మంచాలూ ఖాళీ. పార్కు పెద్దమనుషులు ఎంతకీ రాలేదు.

బయటి ఊరినుంచి వచ్చిన ఎగ్జామినరమ్మ, మనిషి నిండుగా, గొంతు ఇంకా నిండుగా, పిల్లలను వరసలో నిలబెట్టి చెబుతోంది. “చూడండమ్మాయిలూ! వచ్చేవాళ్ళు రోగుల వేషం వేస్తారు. మిమ్మల్ని రకరకాలుగా తికమక పెడతారు. ఇంటికి పోతానంటాడొకడు. నేను పెద్ద ఆఫీసర్ననే వాడొకడు. అరుస్తారు, బెదిరిస్తారు. వాదించారా, మార్కులు పోయినట్టే. ఈ పరీక్ష మీ చేతులకే కాదు, మీ ఓపికకు!”

సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని ఏడుగురు పెద్దమనుషులు లోపలికొచ్చారు. ముందు రిజిస్ట్రార్. వెనక ఫైనాన్స్ ఆఫీసర్, ఆయన వెనక ఇంజనీరు, ఆపైన మిగతా తలలూపేవాళ్ళు.

పార్కు బ్యాచ్ కాదు పాఠకులారా! కమిటీ!

“ఏమిటిది! మంచాలు ఇంకా తియ్యలేదా? కుర్చీలేవి?” అని గర్జించాడు రిజిస్ట్రార్.

ఎగ్జామినరమ్మ మొహం వికసించింది. “శభాష్! అప్పుడే మొదలెట్టేశారు. పదండమ్మాయిలూ, మీ మీ రోగుల్ని తీసుకోండి!”

ఒక బక్కపిల్ల గబగబా వెళ్ళి రిజిస్ట్రార్ మోచెయ్యి పట్టుకుంది. గొంతు కొంచెం వణుకుతోంది గానీ పట్టు మాత్రం గట్టిది. “రండి పెద్దాయనా. అంతసేపు నిలబడకూడదు, కళ్ళు తిరుగుతాయి.”

“ఎవరమ్మా నువ్వు! నేను రిజిస్ట్రార్ని!”

“అలాగేనండి. మీరు రిజిస్ట్రారే. బూట్లు విప్పుదామా?”

“నేను నిజంగా రిజిస్ట్రార్ని!”

“నిజమేనండి. ఎవరు కాదన్నారు? ముందు ఇలా కూర్చోండి. ఆఁ... కాళ్ళు పైకి పెట్టేద్దాం.”

రిజిస్ట్రార్ మొహం యూనివర్సిటీ పిల్లలకు తెలియదా అని మీరు అడగవచ్చు. ఎలా తెలుస్తుందండీ? ఆయన ఎప్పుడూ మీటింగులోనే ఉంటాడు కదా!

ఫైనాన్స్ ఆఫీసర్ “ఈ ఖర్చు ఎవరు మంజూరు...” అని నోరు తెరవగానే అందులో థర్మామీటరు పెట్టేశారు. “మాట్లాడకూడదు సార్, పగులుతుంది.” ఆయన జీవితంలో అడ్డుచెప్పకుండా గడిపిన మొదటి మూడు నిమిషాలవి. ఇంజనీరు ఎందుకైనా మంచిదని ఎదురు తిరగకుండా పడుకున్నాడు. ఇద్దరు పిల్లలు ఆయన్ను వెల్లకిలా ఉన్నవాణ్ణి పక్కకు, పక్కకున్నవాణ్ణి ఇంకో పక్కకు తిప్పుతూ కింద దుప్పటి మార్చేశారు. “మనిషి ఉండగానే పక్క మార్చొచ్చా! ఎలా చేశారమ్మా?” అని ఆయన లేచి చూడబోతే “లేవకూడదు” అని మళ్ళీ పడుకోబెట్టారు.

“ఫోన్! నా ఫోన్ ఇవ్వండి! వైస్ చాన్సలర్‌తో మాట్లాడాలి!” రిజిస్ట్రార్ అరిచాడు.

“అలాగేనండి, మాట్లాడుదురుగాని” అంటూ బక్కపిల్ల కాగితం మీద రాసుకుంది. పక్కనే ఉన్నాను కాబట్టి పైకి చదువుకుంటుంటే విన్నాను. “రోగి తాను రిజిస్ట్రార్‌ననీ, వైస్ చాన్సలర్ తనకు తెలుసనీ భ్రమపడుతున్నాడు. వాదించలేదు.”

ఎగ్జామినరమ్మ వెనకనుంచి చూసి మురిసిపోయింది. “నా సర్వీసులో ఇంత సహజంగా నటించే రోగుల్ని చూడలేదు! ఆ కోపం చూడు, ఆ నరాలు చూడు! నిజం రిజిస్ట్రార్ కూడా ఇంత బాగా చెయ్యలేడు!”

మరి నేను? వదిన ఇంట్లో పూలగుత్తులతో చూసిన మొహాలే కాబట్టి నాకు నిజం తెలుసు. నోట్లో నలభై చెణుకులు నానుతున్నాయి. ఒక్కటి బయటికొస్తే నన్ను చూసుకుంటున్న పిల్లకు మార్కులు పోతాయి! పాఠకులారా, ఆకలేస్తున్నవాడి ముందు విస్తరి వేసి చేతులు కట్టేసినట్టుంది నా పని. ఉండబట్టలేక రిజిస్ట్రార్ వైపు వేలు చూపించి “బ్బె... బ్బె...” అన్నాను.

“పాపం, ఈయన ఏదో చెప్పాలనుకుంటున్నారు” అని నా పిల్ల ఒక అట్ట తెచ్చి ముందు పెట్టింది. మాట రానివాళ్ళకోసం దాని మీద బొమ్మలున్నాయి. గ్లాసు, దుప్పటి, బెడ్‌పాన్. రిజిస్ట్రార్ బొమ్మ లేదు! ఏదో ఒకటి చూపిద్దామని ఒక్కొక్కటే వేలితో తాకాను. నీళ్ళొచ్చాయి. దుప్పటొచ్చింది. మూడోది కూడా వచ్చింది. నేను నోరెత్తకుండా కళ్ళు మూసుకున్నాను.

ఇంతలో పక్కమంచం అరుపులు ఆగిపోయాయి. ఏమిటా అని ఒక కన్ను తెరిచాను. బక్కపిల్ల రిజిస్ట్రార్ చేతికి బీపీ పట్టీ చుట్టబోతూ అడిగింది. “పొద్దున ఏమైనా తిన్నారా పెద్దాయనా?”

రిజిస్ట్రార్ నోరు తెరిచాడు. అరవడానికే తెరిచాడు.

“లేదమ్మా” అన్నాడు చివరికి. “పొద్దున్నుంచీ మీటింగులే.”

“అయ్యో! అలా ఖాళీ కడుపుతో ఉంటే కోపం రాదూ మరి! ఇప్పుడు మీ చెయ్యి పట్టుకుంటానండి. కొంచెం బిగుతుగా ఉంటుంది. నొప్పైతే చెప్పండి, ఆపేస్తాను.”

ఆయన చెప్పలేదు. బీపీ చూడనిచ్చాడు. కుడిచేతికి కట్టు కట్టి మెడకు వేలాడదీయనిచ్చాడు. మెడదాకా దుప్పటి కప్పనిచ్చాడు. ఇంకాసేపటికి ఆ మంచం మీదనుంచి గుర్రు మొదలైంది.

అప్పుడు తలుపు తెరుచుకుని వదిన వచ్చింది. ఏదో మీటింగు ముగించుకుని ఈ మీటింగుకు పరుగున వచ్చినట్టుంది, చంకలో ఫైళ్ళు, నుదుటన చెమట. గుమ్మంలోనే ఆగిపోయింది. ఎనిమిది మంచాలు, ఎనిమిదిమంది రోగులు, పక్కన వంగి నిలబడ్డ పిల్లలు. ఫైళ్ళు కిటికీలో పెట్టింది. రిజిస్ట్రార్ ఎడమచెయ్యి మంచం మీదనుంచి కిందికి వేలాడుతోంది. ఏమీ మాట్లాడకుండా వెళ్ళి, ఆ చెయ్యి ఎత్తి మంచం మీద పెట్టింది. పెట్టి వదిలేయలేదు. వేళ్ళు వాటంతటవే మణికట్టు దగ్గర నాడి మీదికి వెళ్ళాయి, కళ్ళు గడియారం మీదికి వెళ్ళాయి. నిండా ఒక నిమిషం అలాగే లెక్కపెట్టింది.

ఆ యూనివర్సిటీలో నేను చూసిన అసలైన మినిట్ అదొక్కటే!

రిజిస్ట్రార్ కళ్ళు తెరిచాడు. “మేడమ్! చూశారా మేడమ్! నన్ను బలవంతంగా పడుకోబెట్టారు! చెప్పండి వీళ్ళకు, నేనెవరో!”

వదిన ఎగ్జామినరమ్మ వైపు తిరిగింది. “అమ్మా, ఈయన నిజంగానే రిజిస్ట్రార్. వీళ్ళంతా కమిటీ సభ్యులు.”

ఎగ్జామినరమ్మ చేతిలోని పెన్ను కిందపడింది. పిల్లలందరూ ఒక్కసారి మంచాలకు ఆమడదూరం జరిగారు. బక్కపిల్ల మొహంలో రక్తం లేదు. “నేను ఫెయిలా మేడమ్?”

“నువ్వెందుకు ఫెయిలవుతావమ్మా? రిజిస్ట్రార్ గారూ, వీళ్ళకు ఈ రోజు ఆఖరి పరీక్ష. రోగులుగా వేషం వెయ్యడానికి ఏడుగురు రావాలి, మీరే వాళ్ళనుకున్నారు. తప్పు వీళ్ళది కాదు. ఓటింగు కాకముందే మీరు ఈ తలుపుకు ‘కమిటీ హాలు’ అని బోర్డు కొట్టించారు. పరీక్షకు ప్రాక్టీసు వార్డు బుక్ చేశారు, మీటింగుకు కమిటీ హాలు బుక్ చేశారు. పేర్లు రెండు, గది ఒక్కటే.”

“మరి ఆ ఏడుగురేమయ్యారు?” మళ్ళీ పెట్టిన థర్మామీటరు చేత్తో తీసి అడిగాడు ఫైనాన్స్ ఆఫీసర్.

“ఇప్పుడే గేటు దగ్గర కనిపించారు. తలుపుదాకా వచ్చారట. కమిటీ అన్న బోర్డు చూసి, ఎక్కడ కన్వీనర్లను చేస్తారోనని పారిపోయారట.”

మొదట నవ్వింది ఇంజనీరు. ఆయన పక్కకు తిరిగి పడుకుని ఉండటంవల్ల మంచం మొత్తం ఊగింది. తర్వాత అందరూ నవ్వారు. పరీక్ష ఎటూ అయిపోయిందని నేను కూడా మాట తెచ్చుకుని “మంచంలో ఇంత మంచి ఉందని తెలియదు!” అన్నాను. “ఈయనకు మాటొచ్చింది!” అని నా పిల్ల సంతోషం పట్టలేక రాసేసుకుంది.

నవ్వులు ఆగాక వదిన గొంతు సవరించుకుంది. “ఎలాగూ అందరూ ఉన్నారు. కోరం సరిపోయింది. ఓటింగు కానిచ్చేద్దాం. ఈ వార్డు తీసేయాలన్నవాళ్ళు చెయ్యెత్తండి.”

ఒకాయన చేతికి బీపీ పట్టీ ఉంది. ఒకాయన రెండు చేతులూ దుప్పటి కింద వెచ్చగా ఉన్నాయి. ఇంజనీరు చెయ్యి ఆయన కిందే ఉంది. మిగిలినవాళ్ళు అలవాటుకొద్దీ రిజిస్ట్రార్ వైపు చూశారు. రిజిస్ట్రార్ కుడిచెయ్యి కట్టులోంచి పైకి కదిలింది.

“ఆ చెయ్యి ఎత్తకూడదండి! కట్టు జారిపోతుంది” అంది బక్కపిల్ల, భయం మరిచిపోయి.

ఆయనకు ఎడమచెయ్యి ఖాళీగానే ఉంది పాఠకులారా. అది నేను చూశాను, వదిన చూసింది, ఆయనా చూసుకున్నాడు. ఆ చెయ్యి వైపు చూశాడు, ఆ పిల్ల వైపు చూశాడు. తర్వాత ఆ ఎడమచేత్తోనే దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు.

వార్డు మిగిలింది! మంచాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ప్రాక్టికల్ పరీక్ష ఉన్నప్పుడల్లా కమిటీ అక్కడే, మంచాల మీదే సమావేశం కావాలని కూడా ఇంజనీరు ప్రతిపాదించాడు, ఫైనాన్స్ ఆఫీసర్ బలపరిచాడు. నర్సింగ్ పిల్లలకు ఎన్నడూ రోగులు చాలరు, యూనివర్సిటీలో ఎన్నడూ సభ్యులకు కొదవ లేదు. కదలరు, మెదలరు, ఎంతసేపైనా పడుంటారు. ఇంతకన్నా మంచి రోగులు ఎక్కడ దొరుకుతారు? ఇప్పుడు ఒప్పుకుంటారా మీటింగు మహోపకారి అని?

ఇంకా ఒప్పుకోరా? అయితే ఆ తర్వాత జరిగింది కూడా వినండి.

ఎగ్జామినరమ్మ మార్కులు వేసుకుని బయటికి వెళ్ళాక, బక్కపిల్ల నెమ్మదిగా వదిన దగ్గరికొచ్చింది. “మేడమ్, పెద్దాయన బీపీ నాకు సరిగ్గా వినపడలేదు. అందాజుగా రాసేశాను. ఎలా వినాలో ఒక్కసారి చూపిస్తారా?”

వదిన మొహం చూడాల్సింది మీరు. ఆవిడ డీన్ అయిన రోజు నేను ఆ వెలుగు చూడలేదు, వైస్ చాన్సలర్ అయిన రోజూ చూడలేదు. గబగబా స్టూలు లాక్కుని, ఇంకా మంచం దిగని రిజిస్ట్రార్ పక్కన కూర్చుని, ఆయన చేతికి పట్టీ చుట్టింది. స్టెతస్కోపు ఒక కొస ఆ పిల్ల చెవుల్లో పెట్టి, రెండో కొస ఆయన మోచేతి మడత మీద వేలితో వెతికి మరీ ఆనించింది. “ఇక్కడ. గట్టిగా నొక్కకు. గాలి మెల్లగా వదులు. మొదటి చప్పుడు కోసం ఆగాలి, కంగారుపడకూడదు. ఇదుగో, ఇప్పుడొస్తుంది...”

పిల్ల ఊపిరి బిగబట్టి వింటోంది.

తలుపు దగ్గర వదిన ఆఫీసు అటెండరు తల కనిపించింది. “మేడమ్, పార్కింగ్ కమిటీవాళ్ళు వచ్చేశారు. మీకోసమే కూర్చున్నారు.”

వదిన లేచింది. పిల్ల భుజం తట్టింది. కిటికీలోంచి ఫైళ్ళు తీసుకుని, స్కూటర్లు ఎక్కడ నిలబెట్టాలో తేల్చడానికి వెళ్ళిపోయింది.

ఎంత గండం తప్పిందో చూశారా! మీటింగనేదే లేకపోతే, ఇంకో పది నిమిషాలు ఆవిడ అక్కడే కూర్చుని ఉంటే, ఆ పిల్లకు పని వచ్చేసేది!